మూఁడవ కొలత



మన యిండ్లలో వేకువజామున వినవచ్చు పారాయణము మాఱిపోయినది. ఒకప్పుడు అమరకోశమో, బాలరామాయణమో, ఎక్కములో వినఁబడెడివి. నేఁడు ఇంటరు చదువుచున్న మనుమఁడు వీధియరుగుపై దీపము క్రిందఁ గూర్చుండి, "దిక్ సంఖ్యలు, దిక్ కొసైనులు, సమతల సమీకరణము" అని తనలోఁ దాను గొణుగుకొనుచుండును. "ఏమిరా అది?" అని తాత యడిగిన, "త్రీడీ, తాతయ్యా" అని ఒక్క ముక్క చెప్పి మరలఁ బుస్తకమునఁ దల దూర్చును. అది మనకుఁ దెలియని పరదేశవిద్య యని తాతయు ఊరకుండును.

ఆ విద్య మనకుఁ దెలియనిది కాదనియు, మన గోదావరి డెల్టా యంతయు దానిమీఁదనే నిలిచియున్నదనియుఁ జెప్పుటయే నేఁటి ప్రసంగమున నా యుద్దేశము.

మొదట పరీక్ష సంగతి. ఇంజనీరింగు కాలేజీలలోఁ జేరఁగోరువారికి మన రాష్ట్రమునఁ బెట్టు ప్రవేశపరీక్ష చిరకాలము ఎంసెట్టు అను పేర నుండెను. 2021 నుండి దానిని ఈఏపీసెట్టు అనుచున్నారు. మూఁడు గంటలలో 160 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. అందు సగము, అనఁగా 80, గణితమునకుఁ జెందినవి. లెక్కించి చూడుఁడు. ఇరువదినాలుగు సెకండ్లు ఒక విఘడియ. ఒక్కొక్క ప్రశ్నకు వచ్చు కాలము మూఁడు విఘడియలు కూడ నిండదు. మనము చుట్ట వెలిగించుకొనునంతలో ఆ పిల్లవాఁడు లెక్క చదివి, చేసి, గుర్తు పెట్టి, తరువాతి లెక్కకుఁ బోవలెను. వాని తొందరను మనము తప్పు పట్టరాదు.

ఆ గణితమునందొక భాగము త్రిపరిమాణ నిరూపక జ్యామితి. పేరు పెద్దదేకాని విషయము సులభము. ఒక బిందువు ఎక్కడ నున్నదో సంఖ్యలతోఁ జెప్పుటయే నిరూపకము. పొలమునఁ బాఁతిన సర్వేరాయి యెక్కడ నున్నదనిన, తూర్పుగట్టునుండి యిన్ని గొలుసులు, ఉత్తరపుగట్టునుండి యిన్ని గొలుసులు అని చెప్పిన చాలును. రెండు సంఖ్యలతో పని తీఱినది. కాని ఆ పొలముగట్టున నున్న కొబ్బరిచెట్టు మీఁది గెల యెక్కడ నున్నదని చెప్పుటకు రెండు సంఖ్యలు చాలవు. నేలనుండి యెంత యెత్తున నున్నదో కూడఁ జెప్పవలెను. ఆ యెత్తే మూఁడవ కొలత. మిగిలిన సూత్రములన్నియు ఈ మూఁడు సంఖ్యలనుండి పుట్టినవే.

నేను తెలుఁగు పండితుఁడను; గణితము నా వృత్తి కాదు. అయినను కొన్నియేండ్ల క్రిందట మా వీధిలోని కౌలురైతు కుమారుఁడొకఁడు నాయొద్దకు వచ్చెను. ఒకసారి పరీక్ష వ్రాసి తగిన ర్యాంకు రాక, రెండవయేఁడు మరల చదువుచున్నాఁడు. వాని శిక్షణకై తల్లి మెడలోని గొలుసు తాకట్టునకుఁ బోయినది. "సూత్రాలన్నీ నోటికి వచ్చేశాయండి మాస్టారూ. లెక్క కాస్త తిప్పి యిస్తే మాత్రం చెయ్యాడడం లేదండి" అని వాఁడు కంట తడి పెట్టుకొనెను. నేను పాతకాలపువాఁడను. సంధిసూత్రములను నేను వల్లెవేసిన తీరు జ్ఞప్తికిఁ దెచ్చుకొని, "ఇంకను పదిమార్లు వల్లెవేయుము, అబ్బీ" అని చెప్పితిని. వాఁడు వల్లెవేసెను. మూఁడు నెలలు గడచినను ఫలము లేకపోయెను. తప్పు వానియందు లేదు, నా సలహాయందే యున్నదని నాకుఁ దరువాతఁ దెలిసినది.

మన శాస్త్రములలో సూత్రము ఒంటరిగా నుండదు. సూత్రము వెనుక వృత్తి, వృత్తి వెనుక ఉదాహరణము ఉండును. భాస్కరాచార్యుఁడు 1150వ సంవత్సరమున రచించిన లీలావతిలోఁగూడ విధి చెప్పిన పిమ్మట లెక్క యిచ్చును. లక్షణము నోట నున్నను, లక్ష్యము కన్నులయెదుట లేనిచో అది చదువు కాదు. ఆ పిల్లవానికి నేను లక్షణమును మాత్రమే వల్లెవేయించితిని. లక్ష్యమును వెదకుటకై వానితోఁ గూడ నేనును మరల విద్యార్థి నైతిని. అట్లు వెదకఁగాఁ దెలిసినవే ఈ క్రింది సంగతులు.

మన పూర్వులకు మూఁడవ కొలత తెలియును. యజ్ఞవేదికలను కట్టు విధానమును చెప్పు శుల్బసూత్రములలో, దీర్ఘచతురస్రపు కర్ణముమీఁది వర్గము రెండు భుజముల వర్గముల మొత్తమునకు సమానమని బౌధాయనుఁడు చెప్పెను. గ్రద్ద యాకారమున కట్టు శ్యేనచితికి అయిదు వరుసలు, వరుస కిన్నూఱు ఇటుకలు. క్రింది వరుస అతుకుమీఁద పైవరుస అతుకు పడరాదని నియమము. పొడవు వెడల్పులు మాత్రమే తెలిసినవాఁడు ఈ నియమమును పాటింపలేఁడు; క్రిందుమీఁదులు కూడ మనసున నుండవలెను. మన తాపీమేస్త్రి గోడ కట్టునపుడు నేఁటికిని ఈ నియమమునే పాటించుచున్నాఁడు.

తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుఁడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. అందు ఖాతవ్యవహారమని యొక యధ్యాయము కలదు. త్రవ్విన గోతుల, చెఱువుల ఘనపరిమాణమును కనుగొనుట అందలి విషయము. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిఁగించెను. తెలుఁగున శాస్త్రగ్రంథములలో మొదటిదిగా దానిని పెద్దలు గణించుచున్నారు. మన రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుఁడు పిఠాపురము చేరువనున్న నవఖండవాడ గ్రామమును మల్లన కిచ్చెనని ప్రసిద్ధి. ఆ దానము పొందినవాఁడు కవియే యని కొందఱును, కవి తాతయైన మల్లన యని కొందఱును వాదింతురు. ఎవరైనను మన జిల్లాకు గణితముతో నున్న చుట్టఱికము వేయేండ్ల నాఁటిది.

ఒక బిందువు స్థానమును తూర్పుపడమరలు, ఉత్తరదక్షిణములు, క్రిందుమీఁదులు అను మూఁడు దిక్కులతో నిర్ణయించు భావము వాచస్పతిమిశ్రుని న్యాయగ్రంథమునఁ గలదని బ్రజేంద్రనాథ శీలుగారు 1915లోఁ బ్రకటించిన గ్రంథమున వ్రాసిరి. ఇది మనకు గర్వకారణమే. కాని గర్వము సత్యమును మింగరాదు. దిక్కులను చెప్పుట విత్తనము. రేఖలను, తలములను సమీకరణములుగా వ్రాసి సాధించుట పంట. ఆ పంట పండినది ఐరోపాఖండమున.

ఫ్రాన్సు దేశమున డెకార్టు అను తత్త్వవేత్త 1637లో బీజగణితమును, రేఖాగణితమును ఒక్కటిగా ముడివేసెను. ఆయన వ్రాసినది ముఖ్యముగా సమతలమునకు, అనఁగా రెండు కొలతలకు సంబంధించినది. మూఁడు కొలతలలోని వక్రరేఖలపై క్లెరో అనునతఁడు 1731లో గ్రంథమును ప్రకటించెను. అప్పటి కాతని వయస్సు 18 సంవత్సరములు. మన పిల్లలు ప్రవేశపరీక్ష వ్రాయు వయస్సే యది! తరువాత మోంజు అను గణితశాస్త్రజ్ఞుఁడు కోటగోడల నిర్మాణమునకై, ఘనవస్తువును రెండు పటములతోఁ జూపు పద్ధతిని కల్పించెను. నేఁడు మన మేస్త్రీలు ప్లాను, ఎలివేషను అనునవి ఆ పద్ధతిలోనివే. సైనికరహస్యమని దానిని కొన్నాళ్లు బయటి కెవ్వరికిని చెప్పనీయలేదు.

1794లో పారిసు నగరమున ఇంజనీర్లను తయారు చేయుటకు ఎకోల్ పాలిటెక్నిక్ అను విద్యాలయము వెలసినది. అందుఁ జేరుటకు గణితమునఁ బ్రవేశపరీక్ష పెట్టిరి. మన పిల్లల పరీక్షకు అదియొక పూర్వజురాలు. అదే 1794లో మద్రాసున సర్వేబడి యొకటి మొదలయ్యెను. అదియే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగు కాలేజీ యైనది. ఇట్లు ఒకే యేఁట అక్కడను ఇక్కడను నాటిన విద్య, అర్ధశతాబ్ది తిరుగునప్పటికి మన గోదావరి గట్టున పనికి వచ్చినది.

ఆనాఁటి మన జిల్లా స్థితిని తలఁచుకొనుఁడు. 1831 మొదలు 1833 వఱకు కఱవులు. 1839లో కోరంగి తీరమున ఘోరమైన తుపాను. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో రమారమి 7 లక్షల 38 వేలుండఁగా, 1841 నాఁటికి 5 లక్షల 61 వేలకుఁ బడిపోయెను. ఇరువదియేండ్లలో నలుగురిలో నొకఁడు లేకుండఁ బోయినట్లు! నీరు లేకనా? గోదావరి ప్రక్కనే పాఱుచున్నది. వరదకాలమున పొలములపైఁ బడి ముంచును. వేసవిలో పొలములకంటె పల్లమునఁ బాఱి సముద్రమునఁ గలియును. నది ఎక్కడ నున్నదో, పొలమెక్కడ నున్నదో అందఱికిని తెలియును. పటములో రెండును ప్రక్కప్రక్కనే యున్నవి. లోపమంతయు మూఁడవ కొలతయందే.

1844లో ఆర్థరు కాటను ఈ జిల్లాను పరిశీలింప వచ్చెను. ఆయన అప్పటికే 1836లో తంజావూరు ప్రాంతమున కొళ్ళిడంపై ఆనకట్ట కట్టినవాఁడు. ఇసుకమీఁదఁ బునాది నిలుపు ఉపాయమును చోళులనాఁటి కల్లణను చూచి గ్రహించినవాఁడు. ఆయన గొలుసుతోఁ బాటు మట్టపు యంత్రమును తెచ్చి, ధవళేశ్వరము మొదలు సముద్రము వఱకు నేల యెత్తుపల్లములను లెక్కకట్టెను. డెల్టా భూమి సముద్రమువైపు మైలునకు రమారమి ఒక యడుగు చొప్పున వాలియున్నది. కంటికి ఆ వాలు కానరాదు. మన కన్ను చదునన్నచోట సంఖ్య వాలన్నది. సంఖ్యయే నిజము. నీరు పల్లమెఱుఁగునని మనము సామెతగాఁ జెప్పుదుము. ఆ పల్లమెంతయో అంగుళములతో సహా చెప్పఁగలుగుట ఇంజనీరు విద్య.

ఇంకొక విశేషము. నది తెచ్చిన యొండ్రు ఒడ్డుననే ఎక్కువగా పేరుకొనును. కావున డెల్టాలో ఏటియొడ్డు మెరక, ఒడ్డునకు దూరమైన నేల పల్లము. అందుచేతఁ గాలువలను మెరకపైఁ ద్రవ్వి, మురుగుకాలువలను పల్లమునఁ ద్రవ్విరి. పంటకాలువ నేలకంటె మీఁదుగాఁ బోవుటకును, మురుగుకాలువ క్రిందుగాఁ బోవుటకును కారణమిదియే.

ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములు. కట్టడమంతయుఁ గలిపి రెండుమైళ్లకుఁ బైమాట. ధవళేశ్వరపు కొండనుండి రాయి తీసిరి. వేలకొలఁది పనివాండ్రను సమకూర్చి పని నడిపించిన వీణెం వీరన్నగారి పేరు కాటను పేరుతోఁ బాటు స్మరింపఁదగినది. ఆనకట్ట చేసిన పని యేమి? నీటిని సృష్టింపలేదు. నదిని తూర్పునకుఁగాని పడమరకుఁగాని జరుపలేదు. నీటిమట్టమును కొన్ని యడుగులు పైకెత్తినది. మూఁడు సంఖ్యలలో మూఁడవదానిని మాత్రము మార్చినది. ఆ కొన్ని యడుగులతో డెల్టా అన్నపూర్ణ యైనది. 1970లో మొదలై 1982లో పూర్తియైన 175 తలుపుల బ్యారేజి నేఁడు ఆ పనినే చేయుచున్నది.

ఇఁక ఆ పిల్లవాని సంగతి. వాఁడు వల్లెవేసి బోధపడక వదలిన లెక్క యొకటి కలదు. శూన్యమున రెండు రేఖలున్నవి. అవి యొకదానినొకటి తాఁకవు, సమాంతరములును కావు. వాని నడిమి కనిష్ఠదూరమెంత? "కలవకపోతే సమాంతరం కావాలి కదండీ, మాస్టారూ?" అనునది వాని సందేహము. కాగితముమీఁద వాని మాటయే నిజము. నాకును సమాధానము తోఁపలేదు.

ఒక యాదివారము వానిని వెంటఁబెట్టుకొని కోనసీమలోని పి. గన్నవరమునకుఁ బోయితిని. అక్కడ వైనతేయ గోదావరి మీఁదుగా కాలువ దాటిపోవును. హేగు అను ఇంజనీరు ఆనకట్ట పూర్తియగు దినములలో 49 కమానులతో దానిని కట్టించెను. నగరపు లంక దానివలననే మాగాణి యైనది. కాలక్రమమున దాని ప్రక్కనే క్రొత్త అక్విడక్టును కట్టి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు దానికిఁ బెట్టిరి. క్రింద ఏఱు, పైన కాలువ, నీటిమీఁద నీరు.

గట్టున నిలిచి, "ఏటిని ఒక గీఁతగాను, కాలువను ఒక గీఁతగాను కాగితముపై వ్రాయుము" అంటిని. వాఁడు వ్రాసెను. గీఁతలు ఒకదాని నొకటి కోసికొనినవి.

"ఇవి కలియుచున్నవా?"

"కలుస్తున్నాయండి."

"తల యెత్తి చూడుము."

వాఁడు చూచెను. చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "కలవవండి. సమాంతరం కూడా కావండి" అనెను.

"వాని నడిమి దూరమును ఎట్లు కొలుతువు?"

"ఏటవాలుగా కొలిస్తే ఎక్కువొస్తుందండి. పైనుంచి తూకపుగుండు వదలాలండి."

ఆ తూకపుదారమే వాఁడు వల్లెవేసిన సూత్రము. రెండు రేఖలకును లంబముగా నున్న దూరమే కనిష్ఠదూరము. కాలువ సముద్రమట్టమునకు 20 అడుగుల యెత్తున, ఏటినీరు 5 అడుగుల యెత్తున నున్నవనుకొందము. కాగితముపై వాని దూరము సున్న. నిజమున 15 అడుగులు. ఆ పదునైదడుగులను మఱచిన, కాలువ యేటఁ గలసిపోయి లంక యెండిపోవును. ఆ దినము మొదలు వాఁడు లెక్క చేయుటకు ముందు కన్నులు మూసికొని ఒక బొమ్మను తలఁచుకొనుట అలవాటు చేసికొనెను. ఆ యేఁటి ర్యాంకు మునుపటికంటె మేలైనది. కోరిన కాలేజీలో మాత్రము చోటు దొరకలేదు. వేఱొక కాలేజీలోఁ జేరి ఇంజనీరింగు చదివెను. తల్లి గొలుసు ఇంటికి వచ్చినది.

పెద్దలారా, ఈ విద్య నేర్పుటకు మనకు గణితపట్టములు అక్కఱలేదు. మేస్త్రి సంచిలో మూఁడు పనిముట్లున్నవి. మూలమట్టము నేలపై రెండు దిక్కులను లంబముగాఁ జూపును. రసమట్టము నేల చదునైనదో కాదో చెప్పును. తూకపుగుండు నిలువును చూపును. పిల్లలు వ్రాయు మూఁడు అక్షములు ఇవియే. గది మూలను చూపుఁడు: రెండు గోడలును నేలయుఁ గలిసిన ఆ మూలయే మూలబిందువు. పొడవు 12 మూరలు, వెడల్పు 4, ఎత్తు 3 గల కొట్టులో ఎంత పొడవైన వెదురు పట్టునని యడుగుఁడు. చివరిగోడ వెడల్పు 4, ఎత్తు 3 గనుక దాని కర్ణము 5. ఆ 5 ఒక భుజము, పొడవు 12 ఇంకొక భుజము అయినచో కర్ణము 13. పదమూఁడు మూరల వెదురు మూలనుండి మూలకుఁ బట్టును. ఇందుఁ గల గణితము బౌధాయనుని సూత్రమును రెండుమార్లు వాడుటయే. పిల్లవాఁడు చేసి చూపినపుడు "ఎందుచేత?" అని మాత్రము అడుగుఁడు. తాతకుఁ దెలియునట్లు చెప్పఁగలిగినవాఁడు పరీక్షలోఁ దడబడఁడు.

లాకులయొద్దకుఁ దీసికొనిపొండు. ఒకప్పుడు పడవ మెట్టు దిగినట్లు మట్టము దిగిన చోటది. మట్టపు గుర్తు చెక్కిన రాయి కనఁబడిన, ఆ సంఖ్య సముద్రమునుండి లెక్కించిన యెత్తని చెప్పుఁడు.

కడపట ఒక్కమాట. నేను చెప్పిన ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలో గాల్వా అను బాలుఁడు 1828లో నొకసారి, 1829లో నొకసారి తప్పినాఁడు. 1832లో ఇరువదియేండ్ల వయస్సుననే మరణించెను. ఆతఁడు వ్రాసియుంచిన గణితము నేఁడు ప్రపంచమంతట విశ్వవిద్యాలయములలో బోధింపఁబడుచున్నది. పరీక్ష అవసరమే; లక్షలమందిలోఁ గొందఱిని ఏఱుటకు వేఱుదారి దొరకలేదు. కాని అది మూఁడు గంటల కొలత. మనిషికి కొలత కాదు. ర్యాంకు వచ్చిన దినమున ప్రక్కింటి పిల్లవాని సంఖ్యతోఁ బోల్చి మన పిల్లవానిని నొప్పింపకుఁడు. పటములో రెండు గీఁతలు కలిసినట్లే కనఁబడును; తల యెత్తి చూచినఁగాని వాని యెత్తు తెలియదు.

పిల్లలకుఁ గూడ మూఁడవ కొలత యొకటి యున్నది. దానిని చూడవలసినవారము మనము.